మిన్నెసోటాకి మారుతున్నాం: సీఆర్‌వీ ఏడబ్ల్యూడీ తీసుకోవాలా, ఎఫ్‌డబ్ల్యూడీ సరిపోతుందా?

కొత్తచలి · అక్టోబర్ 6, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఎనిమిదేళ్లుగా టెక్సస్‌లో, ఇర్వింగ్‌లో ఉంటున్నాం. మా ఆవిడ నర్సు. తనకి సెయింట్ పాల్‌లో ఉద్యోగం వచ్చింది. ఈ నెలాఖరుకి వుడ్‌బరీలో అద్దె ఇంట్లో దిగుతున్నాం. పాత కరోలా అమ్మేసి హోండా సీఆర్‌వీ హైబ్రిడ్ తీసుకుందామని డిసైడ్ అయ్యాం. ఒక్క దగ్గరే తేలడం లేదు. ముందు చక్రాలే లాగే ఎఫ్‌డబ్ల్యూడీ తీసుకోవాలా, నాలుగూ లాగే ఏడబ్ల్యూడీ తీసుకోవాలా?

ఏడబ్ల్యూడీకి 1,500 డాలర్లు ఎక్కువ. మైలేజీ గ్యాలన్‌కి ఎఫ్‌డబ్ల్యూడీకి 40 మైళ్లు, ఏడబ్ల్యూడీకి 37 అని స్టిక్కర్ మీద ఉంది. డీలర్ దగ్గర సేల్స్ అతను "మిన్నెసోటా వెళ్తూ ఎఫ్‌డబ్ల్యూడీ కొనేవాళ్లు ఉండరు" అన్నాడు. మా టీమ్‌లో అక్కడే పుట్టి పెరిగిన ఒకాయన ఇరవై ఏళ్లు ముందు చక్రాల కారే నడిపానంటాడు. ఎవరి మాట పట్టుకోవాలి?

నాది ఇంటి నుంచే పని. కారు ఎక్కువ నడిపేది ఆవిడే. షిఫ్ట్ పొద్దున 7కి, అంటే 6కే బయల్దేరాలి. అప్పటికి రోడ్డు మీద స్నో తీసి ఉంటారో లేదో తెలీదు. తను స్నోలో ఎప్పుడూ నడపలేదు. 2021 ఫిబ్రవరిలో ఫోర్ట్ వర్త్‌లో ఐ-35డబ్ల్యూ హైవే మీద ఐసుకి వందకి పైగా బండ్లు గుద్దుకుని ఆరుగురు చనిపోయారు కదా, ఆ వీడియోలు చూసినప్పటి నుంచి తనకి ఐసు అంటేనే భయం. ఇప్పుడు వెళ్లే ఊరి పక్కన మినియాపొలిస్‌లో కూడా 35డబ్ల్యూ ఉందట. డబ్బు గురించి పెద్దగా ఆలోచించడం లేదు. తను క్షేమంగా వెళ్లి రావాలి, అంతే.

---

మేపుల్‌గ్రోవ్_అక్క · అక్టోబర్ 6, రాత్రి 10:05

తమ్ముడూ, మిన్నెసోటాకి వచ్చి 14 చలికాలాలు అయింది. మీ పోస్టు రెండుసార్లు చదివాను. అందులో టైరు అన్న మాటే లేదు. ముందు అడగాల్సింది అదే.

మొదటి తొమ్మిదేళ్లు నాది ఎఫ్‌డబ్ల్యూడీ క్యామ్రీ, నవంబర్ నుంచి వింటర్ టైర్లతో. రెండో బాబు పుట్టాక ఏడబ్ల్యూడీ ఎస్‌యూవీ కొన్నాం. నాలుగు చక్రాలూ లాగుతాయి కదా అని ఆ ఏడాది వింటర్ టైర్లు వేయించలేదు, కారుతో వచ్చిన ఆల్ సీజన్ టైర్లతోనే నడిపాను.

జనవరిలో ఒకరోజు 494 హైవే దిగే ర్యాంప్ మీద ఉన్నాను. ముందు రెడ్ లైటు, లైటు దగ్గర ఒక పికప్ ఆగి ఉంది. ఎప్పటిలాగే బ్రేకు తొక్కాను. కాలి కింద పెడల్ టకటకటక కొట్టుకుంటోంది, బండి మాత్రం అదే వేగంతో పోతోంది. స్టీరింగ్ తిప్పినా ముక్కు తిరగలేదు. కుడిపక్క గట్టుగా పేరుకున్న స్నోలోకి చక్రం ఎక్కి ఆగింది. పికప్ వెనక బంపర్ మీద అతికించిన స్టిక్కర్ అక్షరాలు ఇప్పటికీ గుర్తున్నాయి, అంత దగ్గరికి వెళ్లిపోయాను. వెనక సీట్లో పిల్లలిద్దరూ ఉన్నారు.

ఆ రాత్రంతా ఆలోచించాను. క్యామ్రీ అయితే ఇంటి సందులోంచి బయటికి తీసేటప్పుడే చక్రం జారేది, ఈరోజు రోడ్డు బాలేదని నాకు తెలిసేది. ఏడబ్ల్యూడీ నున్నగా బయల్దేరింది. రోడ్డు ఎలా ఉందో బ్రేకు వేసేదాకా నాకు తెలియలేదు. ఆ వారమే వింటర్ టైర్లు వేయించాను.

వింటర్ టైరు గొప్పతనమంతా దాని రబ్బరులో ఉంటుంది. 7 డిగ్రీల సెల్సియస్ కిందకి పోయేకొద్దీ మామూలు రబ్బరు బిగుసుకుంటుంది, వింటర్ రబ్బరు మెత్తగానే ఉంటుంది. ఇక్కడ జనవరిలో సున్నాకి 25 డిగ్రీలు కిందకి కూడా పోతుంది. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు పువ్వు గుర్తు ఉందో లేదో చూడండి. ఎం ప్లస్ ఎస్ (మడ్, స్నో) అని మాత్రమే రాసుంటే దాన్ని నమ్ముకోవద్దు.

---

డెన్వర్‌దారి · అక్టోబర్ 6, రాత్రి 11:31

అక్కా, టైర్ల మాట నూటికి నూరుపాళ్లు నిజం. కానీ దీనివల్ల ఏడబ్ల్యూడీ అక్కర్లేదనే అర్థం వస్తే ఒప్పుకోను. నేను కొలరాడోలో ప్రతి చలికాలం ఐ-70 మీద కొండెక్కుతాను. ఐసెన్‌హోవర్ టన్నెల్ 11 వేల అడుగుల పైన ఉంటుంది. స్నో పడుతుండగా ఆ ఎత్తులో ట్రాఫిక్ ఆగిందంటే, మళ్లీ బండి కదిలించేటప్పుడు ఎఫ్‌డబ్ల్యూడీలు అక్కడికక్కడే గిరగిరా చక్రాలు తిప్పుకుంటూ ఉండిపోతాయి. వాటి వెనక మేం రెండు గంటలు.

మా రాష్ట్రంలో దీనికి చట్టమే ఉంది. సెప్టెంబర్ 1 నుంచి మే 31 దాకా డాట్‌సీరో, మోరిసన్ మధ్య ఐ-70 మీద ఏడబ్ల్యూడీ కారుకైనా టైరు గాడి లోతు అంగుళంలో 16వ వంతులు మూడు ఉండాలి. గుండు టైర్లేసుకుని నాది ఏడబ్ల్యూడీ అంటే కుదరదు. రోడ్డుకి అడ్డంగా ఇరుక్కుపోతే ఫైన్ వందల డాలర్లలో ఉంటుంది.

నా ఓటు: రెండూ తీసుకో. ఏడబ్ల్యూడీ, దానికి వింటర్ టైర్లు.

---

మేపుల్‌గ్రోవ్_అక్క · అక్టోబర్ 7, ఉదయం 6:48

మీది కొండ, తమ్ముడూ. మాది బల్లపరుపు నేల. వుడ్‌బరీ నుంచి సెయింట్ పాల్‌కి ఐ-94 మీద వెళ్తే ఎక్కడా ఐ-70 లాంటి ఎత్తు రాదు. ఇక్కడ ఏడాదికి సగటున 50 అంగుళాల పైనే స్నో పడుతుంది. అయినా రాత్రే స్నో తోసే ప్లౌ బండ్లు దిగుతాయి, పెద్ద రోడ్లు పొద్దున్నకి చాలావరకు తీసేస్తారు. కష్టమంతా ఇంటి ముందు, సందుల్లో, ప్లౌ వెళ్తూ వెళ్తూ వీధి నుంచి గరాజ్‌కి పోయే మన డ్రైవ్‌వే మూతికి నెట్టిపోయిన గట్టు దగ్గర.

---

నల్లరేగడి · అక్టోబర్ 7, రాత్రి 8:20

మిషిగన్‌లో డ్రైవ్‌ట్రెయిన్ భాగాలు తయారుచేసే కంపెనీలో పదకొండేళ్లుగా చేస్తున్నాను. దీని మీద చాలా అపోహలున్నాయి, ఓపిగ్గా చదవండి.

గుంటూరు వైపు నల్లరేగడిలో ట్రాక్టర్ తోలినవాళ్లకి ఈ సంగతి చెప్పక్కర్లేదు. వాన పడ్డ చేలో ఒక వెనక చక్రం దిగబడితే అదొక్కటే గిర్రున తిరుగుతుంది, గట్టి నేల మీద ఉన్న రెండోది కదలదు. రెండు చక్రాల మధ్య ఉండే డిఫరెన్షియల్ అనే గేర్ల పెట్టె రెండిటికీ సమానంగానే బలం పంచుతుంది. పట్టులేని చక్రం ఎంత తక్కువ తీసుకోగలదో, రెండోదానికి కూడా అంతే అందుతుంది. అప్పుడు మా నాన్న మడమతో డిఫరెన్షియల్ లాక్ పెడల్ తొక్కేవారు. రెండు చక్రాలూ ఒక్కటై బండి బయటపడేది.

మామూలు కార్లలో ఆ లాక్ ఉండదు. ఉత్తినే తిరుగుతున్న చక్రానికి ట్రాక్షన్ కంట్రోల్ తనంతట తానే బ్రేకు వేస్తుంది, దాంతో బలం పక్క చక్రానికి పోతుంది. ఇవాళ్టి ఎఫ్‌డబ్ల్యూడీ పాతికేళ్ల కిందటి ఎఫ్‌డబ్ల్యూడీ కంటే స్నోలో ఎంతో మెరుగ్గా నడవడానికి ఇదొక కారణం. పైగా ఇంజన్ బరువంతా లాగే చక్రాల మీదే ఉంటుంది. మన ఊళ్లో అంబాసిడర్ నడిపి తర్వాత మారుతి 800 నడిపినవాళ్లకి ఈ తేడా తెలుసు. అంబాసిడర్‌ని వెనక చక్రాలు తోస్తాయి, వెనక ఎవరూ కూర్చోకపోతే బురదలో ఊరికే జారేది. మారుతి చిన్నదైనా ముక్కు బరువుతో లాక్కుపోయేది.

ఇక ఏడబ్ల్యూడీ అని రాసున్నవన్నీ ఒకటి కావు. సీఆర్‌వీలో ముందు చక్రాలే ముఖ్యం. వెనక్కి ఒక షాఫ్ట్ పోతుంది, దాని చివర క్లచ్ ప్లేట్ల కట్ట ఉంటుంది. కంప్యూటర్ ఆ ప్లేట్లని బిగిస్తే వెనక చక్రాలు పనిలోకి వస్తాయి, ఇప్పటి మోడల్‌లో సగం బలం దాకా వెనక్కి పోగలదు. 2019లో వచ్చిన తరం టొయోటా రావ్4 హైబ్రిడ్‌లో ముందు నుంచి వెనక్కి షాఫ్టే లేదు, వెనక విడిగా 54 హార్స్‌పవర్ ఎలక్ట్రిక్ మోటార్ పెట్టారు. చాలావరకు సుబారు కార్లలో నాలుగు చక్రాలకీ ఎప్పుడూ బలం అందుతూనే ఉంటుంది.

ఏ రకమైనా సాయం చేసేది బండి కదిలేటప్పుడు, ఎత్తెక్కేటప్పుడు, దిగబడ్డచోట నుంచి బయటికి వచ్చేటప్పుడు. ఆపడానికి మాత్రం ప్రతి కారుకీ నాలుగు చక్రాల బ్రేకులే ఉన్నాయి. ఏడబ్ల్యూడీకి ఐదో బ్రేకు లేదు. మన చెయ్యి వెడల్పంత రబ్బరు నాలుగుచోట్ల నేలకి ఆనుతుంది, ఆగడమైనా మలుపు తిరగడమైనా ఆ నాలుగు ముక్కల చేతిలోనే ఉంది. అక్కకి జరిగింది అదే.

---

మాంట్రియల్ మామ · అక్టోబర్ 7, రాత్రి 9:02

కెనడాలో మా క్యూబెక్‌లో ప్రభుత్వం ఏ చక్రాలు లాగుతాయని అడగదు. డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు ఉన్నాయా లేవా అని అడుగుతుంది. ఏడబ్ల్యూడీకి మినహాయింపు లేదు. మా వీధిలో ఎఫ్‌డబ్ల్యూడీ సివిక్‌లు, కరోలాలే ఎక్కువ. అందరం ఆఫీసులకి వెళ్తూనే ఉన్నాం.

---

బే ఏరియా బాబాయ్ · అక్టోబర్ 8, మధ్యాహ్నం 1:15

మాకు ఇంటి దగ్గర స్నో లేదు. కానీ ఏడాదికి రెండు మూడుసార్లు కొండల్లో ఉన్న తాహో వెళ్తాం. ఐ-80 మీద చెయిన్ కంట్రోల్, అంటే టైర్లకి చెయిన్లు చుట్టాలనే రూలు, పెట్టినప్పుడు ఆర్2 అనే స్థాయి ఉంటే నాలుగు చక్రాలకీ స్నో ట్రెడ్ టైర్లున్న ఏడబ్ల్యూడీ, ఫోర్ వీల్ డ్రైవ్‌లకి తప్ప మిగతా అందరికీ చెయిన్లు తప్పనిసరి. వాళ్లు కూడా చెయిన్లు డిక్కీలో ఉంచుకోవాలి. ఎఫ్‌డబ్ల్యూడీతో వెళ్లినప్పుడు గడ్డకట్టిన వేళ్లతో, మోకాళ్ల మీద బురద స్నోలో కూర్చుని ముందు చక్రాలకి చెయిన్లు బిగించాను. పిల్లలు లోపల ఏడుస్తున్నారు. నేను ఏడబ్ల్యూడీ కొనడానికి ఆ ఒక్క సాయంత్రమే కారణం. మీకు కొండ ప్రయాణాలు లేకపోతే ఈ లెక్క మీకు పట్టదు.

---

కొత్తచలి · అక్టోబర్ 8, రాత్రి 10:40

ఇంతమంది ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. ఆవిడ కూడా పక్కన కూర్చుని చదివింది. అక్క రాసిన ర్యాంప్ సంగతి చదివి చాలాసేపు మాట్లాడలేదు.

వింటర్ టైర్లు ఎలాగూ వేయిస్తాం, అది తేలిపోయింది. రిమ్ములతో కలిపి ఎంత అవుతుంది? వింటర్ టైర్లున్నాక కూడా ఏడబ్ల్యూడీకి 1,500 పెట్టాలా? తర్వాత ఖర్చులు ఎలా ఉంటాయి?

---

మేపుల్‌గ్రోవ్_అక్క · అక్టోబర్ 8, రాత్రి 11:10

మాకు స్టీల్ రిమ్ములతో సహా 1,100 దాకా అయింది. రిమ్ములు విడిగా కొనుక్కోండి, లేకపోతే ఏడాదికి రెండుసార్లు టైరు ఊడదీసి ఎక్కించడానికి డబ్బులు పోస్తూనే ఉంటారు. మీ కారుకి 18 అంగుళాల చక్రాలొస్తే చలికాలానికి 17 సరిపోతాయేమో షాపులో అడగండి, టైరు చవక, గుంతలకి కూడా మంచిది. ఇంకో సంగతి, చలికాలం వింటర్ టైర్లు తిరిగితే మామూలు టైర్లు ఆ నాలుగైదు నెలలు గరాజ్‌లో పడుకుంటాయి, అవి అన్నాళ్లు ఎక్కువ వస్తాయి. పెట్టిన డబ్బంతా పోయినట్టు కాదు.

వింటర్ టైర్లు నాలుగూ వేయించాలి. "ముందు రెండింటికి చాలు" అని ఎవరైనా అంటే వినొద్దు. ముందు పట్టు ఉండి వెనక లేకపోతే మలుపులో బండి తోక తిరిగిపోతుంది.

---

నల్లరేగడి · అక్టోబర్ 9, ఉదయం 7:30

గ్యాస్ ఖర్చు పెద్ద విషయం కాదు. ఏడాదికి 12,000 మైళ్లు అనుకుంటే 40 మైలేజీకి 300 గ్యాలన్లు, 37కి 324. తేడా 24 గ్యాలన్లు. గ్యాలన్ 3 డాలర్లయితే 72 డాలర్లు. వెనక డిఫరెన్షియల్ ఆయిల్ అప్పుడప్పుడు మార్చాలి, అదీ పెద్దది కాదు.

పెద్ద ఖర్చు టైరు పంక్చరైనప్పుడు తెలుస్తుంది. ఏడబ్ల్యూడీలో నాలుగు టైర్లూ దాదాపు ఒకే చుట్టుకొలత ఉండాలి. సుబారు అయితే పావు అంగుళం మించి తేడా ఉండొద్దంటుంది. సగం అరిగిన మూడు టైర్ల పక్కన ఒక కొత్త టైరు పెడితే చిన్న టైరు ఎక్కువసార్లు తిరుగుతుంది, వెనక క్లచ్ ఆ తేడాని రోజంతా మోస్తూ వేడెక్కుతుంది. అందుకని టైరు పక్క చీలితే ఎఫ్‌డబ్ల్యూడీకి ఒకటో రెండో కొంటే చాలు, ఏడబ్ల్యూడీకి కొన్నిసార్లు నాలుగూ కొనాల్సి వస్తుంది. కొన్ని షాపుల్లో కొత్త టైరుని మిగతావాటి లోతుకి చెక్కి ఇస్తారు, అడగండి.

---

శంషాబాద్ · అక్టోబర్ 9, ఉదయం 9:55

క్షమించండి, మధ్యలో దూరుతున్నా. హైదరాబాద్‌లో ఉంటాం. ఏడాదికి ఒకసారి అరకు, లంబసింగి వెళ్తాం. మారుతి గ్రాండ్ విటారాలో నాలుగు చక్రాలూ లాగే ఆల్‌గ్రిప్ తీసుకోమని మా బావమరిది పోరు. అవసరమా?

---

నల్లరేగడి · అక్టోబర్ 9, సాయంత్రం 6:10

అరకు ఘాట్ రోడ్డు తారు రోడ్డు. బస్సులు రోజూ ఎక్కుతున్నాయి. ఘాట్‌లో మీకు కావాల్సింది దిగేటప్పుడు తక్కువ గేరు, మంచి బ్రేకులు, వానలో అరగని టైర్లు. ఊరి పొలానికి మట్టి బాటలో వారం వారం వెళ్లే పని ఉంటే ఆల్‌గ్రిప్ ఆలోచించండి. అరకు కోసమైతే వద్దు.

---

లెక్కల మాస్టారు · అక్టోబర్ 9, రాత్రి 8:45

కొత్తచలి గారూ, మీరు అద్దెకి తీసుకున్న ఇంటి డ్రైవ్‌వే ఎలా ఉంది? వాలుందా? ఏ దిక్కుకి ఉంది? ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మీ ప్రశ్నకి జవాబు ఐ-94 మీద దొరకదు, మీ గరాజ్ తలుపు ముందు దొరుకుతుంది.

---

కొత్తచలి · అక్టోబర్ 26, రాత్రి 9:20

అందరికీ ఆలస్యంగా జవాబిస్తున్నాను. సామాన్లతో ఇక్కడికి చేరాం. ప్రస్తుతానికి రెంటల్ కారు.

మాస్టారూ, మీరు అడిగింది చూశాక కొలిచాను. ఫోటోల్లో తెలియలేదు కానీ డ్రైవ్‌వే బాగా వాలుగా ఉంది. గరాజ్ పైన, వీధి కింద. పాప ఒక చివర దారం పట్టుకుంది, నేను టేపుతో కొలిచాను. 40 అడుగుల దూరానికి 5 అడుగుల పైచిలుకు ఎత్తు. ఫోన్‌లో లెవెల్ చూస్తే 7, 8 డిగ్రీల మధ్య చూపించింది. ఉత్తరం వైపు ఉంది. మధ్యాహ్నం 2 గంటలకి కూడా ఇంటి నీడ దాని మీదే పడుతోంది.

---

లెక్కల మాస్టారు · అక్టోబర్ 26, రాత్రి 10:30

అంటే 13 శాతం వాలు. ఇది చిన్నది కాదు.

మనిషితో కలిపి కారు 1,800 కిలోలు అనుకుందాం. ఈ వాలు మీద దాన్ని కిందకి లాగే బలం 1,800లో 13 శాతం, అంటే సుమారు 234 కిలోలు. ఎత్తెక్కేటప్పుడు బరువు కొంచెం వెనక్కి జరుగుతుంది కాబట్టి ముందు చక్రాల మీద మిగిలేది 1,020 కిలోల దాకా. ఎఫ్‌డబ్ల్యూడీ ఎక్కాలంటే 234ని 1,020తో భాగించాలి, 0.23 పట్టు కావాలి, అంటే లాగే చక్రాల మీదున్న బరువులో 23 శాతం. ఏడబ్ల్యూడీకి మొత్తం 1,800 కిలోల బరువూ పనికొస్తుంది కాబట్టి 0.13 చాలు.

ఇప్పుడు రోడ్డు చూడండి. బండ్లు తిరిగి గట్టిపడ్డ స్నో మీద ఆల్ సీజన్ టైరుకి సుమారు 0.2 పట్టు దొరుకుతుంది, వింటర్ టైరుకి 0.3 దరిదాపుల్లో. తడి ఐసు మీద ఏ టైరుకైనా 0.1 లేదా ఇంకా తక్కువ.

ఆల్ సీజన్ టైర్లతో ఎఫ్‌డబ్ల్యూడీ మీ గరాజ్‌కి ఎక్కదు. వింటర్ టైర్లతో ఎక్కుతుంది, కానీ అంచు మీద. పట్టు 0.3 నుంచి 0.2కి తగ్గిన రోజున మధ్యలో ఆగిపోతుంది. ఏడబ్ల్యూడీకి వింటర్ టైర్లుంటే చాలా వెసులుబాటు ఉంటుంది. తడి ఐసు రోజున మాత్రం రెండూ ఎక్కవు, ఉప్పు, ఇసుక చల్లాల్సిందే.

ఒక చిట్కా. ఎఫ్‌డబ్ల్యూడీని రివర్స్‌లో ఎక్కిస్తే ముందు చక్రాలు వాలుకి దిగువన ఉంటాయి, బరువు వాటి మీదకి జరుగుతుంది. అప్పుడు 0.23 బదులు 0.21 చాలు. కొంతమంది పాతవాళ్లు స్నోలో వెనక్కి ఎక్కించేది ఇందుకే.

అన్నిటికంటే ముఖ్యమైంది: పొద్దున 6కి మీ ఆవిడ దిగాల్సింది ఇదే వాలు. దిగేటప్పుడు ఏడబ్ల్యూడీ, ఎఫ్‌డబ్ల్యూడీ రెండూ సమానం. కింద వీధి ఉంది. అక్కడ ఆపేది టైర్లే.

---

డెన్వర్‌దారి · అక్టోబర్ 26, రాత్రి 10:52

మాస్టారూ, చేతులెత్తి దండం. కొండ నాకు ఐ-70 మీద ఉంది, ఆయనకి ఇంటి ముందే ఉంది.

---

మేపుల్‌గ్రోవ్_అక్క · అక్టోబర్ 27, ఉదయం 6:55

ఈ డ్రైవ్‌వే సంగతి తెలిశాక నేను కూడా మాట మార్చుకుంటున్నాను. తీసుకోండి ఏడబ్ల్యూడీ. షిఫ్ట్ అయ్యి ఇంటికొచ్చిన మనిషి చీకట్లో పారతో స్నో తీసుకుంటూ సగం ఎత్తులో నిలబడకూడదు. మాది చదునుగా ఉన్న గరాజ్, అందుకే నాకు ఎఫ్‌డబ్ల్యూడీ తొమ్మిదేళ్లు గడిచిపోయింది.

ఆవిడని తొలి స్నో రోజున ఏదైనా ఖాళీ పార్కింగ్ లాట్‌కి తీసుకెళ్లండి. గంటకి 20 మైళ్ల వేగంలో గట్టిగా బ్రేకు తొక్కించండి. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కొట్టుకుంటుంటే భయపడి కాలు తీయకూడదు, తొక్కిపట్టి ఉంచాలి. అది పదిసార్లు చేస్తే కాలికి అలవాటవుతుంది. మా పక్కింటివాళ్లతో నేను చేసి చూశాను. వాళ్ల ఏడబ్ల్యూడీ ఆల్ సీజన్ టైర్లతో ఆగడానికి నాలుగు కార్ల పొడవు దాటింది, మా పాత క్యామ్రీ వింటర్ టైర్లతో మూడింట్లో ఆగింది.

---

కొత్తచలి · నవంబర్ 2, రాత్రి 8:05

సీఆర్‌వీ హైబ్రిడ్ ఏడబ్ల్యూడీ తీసుకున్నాం. వింటర్ టైర్లు 17 అంగుళాల స్టీల్ రిమ్ముల మీద వేయించాం. మూడు శిఖరాల గుర్తు ఆవిడే వంగి వేలుతో తడిమి చూసింది. గరాజ్‌లో ఒక బస్తా ఉప్పు, ఒక బస్తా ఇసుక పెట్టాను. మా కొలీగ్ ఒకరు ఈడెన్ ప్రెయిరీలో ఉంటారు, అండర్‌గ్రౌండ్ పార్కింగ్, ఆఫీసు నాలుగు మైళ్లు. ఈ థ్రెడ్ చదివి ఆయన ఎఫ్‌డబ్ల్యూడీ బుక్ చేసి, మిగిలిన డబ్బుతో టైర్లు కొన్నారు.

---

కొత్తచలి · డిసెంబర్ 11, మధ్యాహ్నం 3:40

నేను ఆయన భార్యని, ఆయన అకౌంట్ నుంచే రాస్తున్నాను. అక్కా, మాస్టారూ, మీ అందరికీ నేనే చెప్పాలనిపించింది.

మొన్న రాత్రి ఏడు అంగుళాలు పడింది. పొద్దున 5:45కి గరాజ్ తలుపు తీస్తే వీధి ఎక్కడుందో కనబడలేదు. ఆయన అప్పటికే ఇసుక చల్లి ఉన్నారు. నడక వేగంతో దిగాను, బ్రేకు మీద కాలు తీయకుండా. కింద ప్లౌ వదిలిన గట్టు మోకాలెత్తు ఉంది, ఆయన మధ్యలో కారు పట్టేంత తవ్వారు. అది దాటేటప్పుడు వెనక చక్రాలు తోస్తున్నట్టు నడుముకి తెలిసింది.

వ్యాలీ క్రీక్ రోడ్డు మీద సిగ్నల్ ఎర్రగా మారింది. పార్కింగ్ లాట్‌లో నేర్చుకున్నట్టే చాలా ముందు నుంచే తొక్కాను. పెడల్ కొట్టుకుంది, కాలు తీయలేదు. గీత కంటే ముందే ఆగింది. పక్క లేన్‌లో ఒక పెద్ద ఏడబ్ల్యూడీ ఎస్‌యూవీ నన్ను దాటుకుని సిగ్నల్ మధ్యదాకా జారి వెళ్లి ఆగింది. అదృష్టం, అటు నుంచి ఎవరూ రాలేదు. చేతులు కాసేపు వణికాయి. 94 ఎక్కాక రోడ్డు నల్లగా కనబడింది, పర్వాలేదనిపించింది. 6:50కి వార్డులో ఉన్నాను.

సాయంత్రం తిరిగొచ్చేసరికి డ్రైవ్‌వే గట్టిపడి ఉంది. ఆపకుండా ఒక్క ఊపులో ఎక్కింది.

ఒక డౌట్. టైరు గాలి తగ్గిందని డ్యాష్‌బోర్డ్‌లో పసుపు లైటు వస్తోంది. పంక్చరా?

---

మేపుల్‌గ్రోవ్_అక్క · డిసెంబర్ 11, సాయంత్రం 5:20

చదువుతుంటే కళ్లు చెమర్చాయి తల్లీ. ఒక్క టైరే తగ్గితే పంక్చర్ చూపించు. నాలుగూ తగ్గితే చలికి. పది డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గితే టైరులో గాలి ఒత్తిడి ఒక పీఎస్ఐ దాకా పడిపోతుంది. పొద్దున బయల్దేరకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు డ్రైవర్ తలుపు పక్కన స్టిక్కర్ మీద ఉన్న నంబరుకి పట్టించు. ఏప్రిల్ సగం దాటేదాకా ఈ టైర్లు తీయకు, ఇక్కడ ఏప్రిల్‌లో కూడా పడుతుంది.